మైకు ఇచ్చారు సరే, జవాబు ఎవరిస్తారు?

నా ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో వాళ్లకే సరిగ్గా తెలియదు, కాబట్టి ముందు అది చెప్పాలి. పర్యావరణం విషయంలో ప్రభుత్వం ఏదైనా కొత్త విధానం తేదలిస్తే మొదట ముసాయిదా విడుదల చేస్తుంది. దాని మీద జనం అభిప్రాయాలు పంపుతారు. ఆ ఉత్తరాలు, ఈమెయిళ్లు, వినతిపత్రాలు అన్నీ చదివి ఒక పట్టికలోకి ఎక్కించడం నా పని. పట్టికలో ఐదు కాలమ్‌లు ఉంటాయి: వరుస సంఖ్య, పంపినవారు, ముసాయిదాలో ఏ పేరా, వారి సూచన, చివరగా శాఖ జవాబు. సమావేశాలు జరిగితే అక్కడ జరిగినదాని నమోదు, అంటే మినిట్స్ కూడా నేనే రాస్తాను. పెద్ద బల్ల దగ్గర నాకు చోటుండదు. గోడ వారగా కుర్చీ వేసుకుని ఒళ్లో ప్యాడ్ పెట్టుకుని రాసుకుంటాను.

యువతకు గొంతు ఇవ్వాలి, యువత గొంతు వినిపించాలి అని వేదికల మీద అందరూ అంటుంటారు. నా ఫైళ్లు తిరగేస్తే గొంతుకు లోటేమీ కనపడదు. పంపినవారి కాలమ్ చూడండి, కాలేజీ సంఘాలు, బడి పిల్లల క్లబ్బులు, పాతికేళ్లు నిండని లాయర్లు, ఇంజనీర్లు. నాలుగో కాలమ్‌లో వాళ్ల సూచనలు దండిగా ఉంటాయి. ఖాళీగా ఉండేది ఐదోది. పూర్తిగా ఖాళీ అంటే పైవాళ్లు ఒప్పుకోరు కాబట్టి అందులో ‘గమనించడమైనది’ అని ఒక ముక్క ఉంటుంది. నా బాధంతా ఆ ఐదో కాలమ్ గురించే.

గాలి నాణ్యత ప్రణాళిక మీద జరిగిన ఒక సమావేశం సంగతి చెబుతాను. బల్ల చుట్టూ వివిధ శాఖల అధికారులు, పరిశ్రమల సంఘాల వాళ్లు, ఇద్దరు ప్రొఫెసర్లు. యువ ప్రతినిధులకు గోడ వారగా, అంటే నా పక్కన, కుర్చీలు వేశారు. ఎజెండాలో వాళ్లది చివరి అంశం. ముందు అంశాలు సాగి సాగి వాళ్ల వంతు వచ్చేసరికి అధికారులు గడియారాలు చూసుకుంటున్నారు. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమన్నట్టు, టీ విరామానికి ముందు మిగిలిన పది నిమిషాలను యువతకు సమర్పించారు. అంతకుముందే ఫొటో మాత్రం తీసేశారు. అందులో వాళ్లను ముందు వరుసలో నిలబెట్టారు.

ఒక అమ్మాయి లేచింది. కాలేజీలో మొదటి సంవత్సరమట. ముసాయిదా ప్రతిని అట్ట వేసి పట్టుకొచ్చింది, అంచుల నిండా పెన్సిలు రాతలు. భూగోళాన్ని కాపాడండి, మా భవిష్యత్తును మాకివ్వండి అని మొదలుపెడుతుందనుకున్నాను, అలాంటివి చాలా విన్నాను కనుక. ఆమె సూటిగా పేరా సంఖ్య చెప్పి మొదలుపెట్టింది. “గాలిని కొలిచే యంత్రం మూడో అంతస్తు పైకప్పు మీద ఉంది. మా తమ్ముడి ముక్కు నేలకు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంది. బడి వదిలే వేళ గేటు ముందు బస్సులు, కార్లు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంటాయి. మీరు రోజు మొత్తానికి సగటు తీస్తున్నారు. ఆ అరగంట ఇరవై నాలుగు గంటల్లో కలిసిపోయి కనపడకుండా పోతోంది. సగటుతో పాటు గంటవారీ లెక్కలు కూడా ప్రచురిస్తామని ఈ పేరాలో ఒక వాక్యం చేర్చండి. వీలైతే కొన్ని బడుల గేట్ల దగ్గర చిన్న యంత్రాలు పెట్టండి.” చెప్పి కూర్చుంది.

బల్ల దగ్గరున్న ఒక ప్రొఫెసరు తలెత్తి చూశారు. ఆమె వేలు పెట్టింది చిన్న చోట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాలు కూడా పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళికి రెండు పరిమితులే చెబుతాయి. ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదు. గంటకు ఇంత అని పరిమితి లేదు. పిల్లలేమో పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు, నేలకు దగ్గరగా ఉంటారు, ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. ప్రపంచంలో 15 ఏళ్ల లోపు పిల్లల్లో 93 శాతం మంది పీలుస్తున్న గాలి తమ పరిమితులను మించి చెడిపోయిందని అదే సంస్థ 2018లో చెప్పింది. ఆ ప్రొఫెసరుకు ఇవన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. కానీ గేటు దగ్గర అరగంట నిలబడి చూసింది ఆ అమ్మాయి.

నేను మినిట్స్‌లో ఆమె చెప్పినదంతా ఒక పేరాగా రాశాను. మా పై అధికారి దాన్ని కొట్టేసి ‘యువ ప్రతినిధులు కాలుష్యంపై తమ ఆందోళనను వ్యక్తం చేశారు’ అని ఒక్క వాక్యం పెట్టారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు, ఆయన లెక్క ఆయనకుంది. “చూడమ్మా, మినిట్స్ అంటే తీసుకున్న నిర్ణయాలు. దాని మీద మనం నిర్ణయం తీసుకోలేదు కదా, ఇంత రాస్తే రేపు ఎవరో వచ్చి ఏం చేశారని అడుగుతారు” అన్నారు. అడగాలనే కదండీ వాళ్లు వచ్చింది అని నోటి దాకా వచ్చింది. “సరే సార్” అన్నాను.

అందులో నాకు మింగుడుపడనిది వాక్యం పొట్టిగా ఉండడం కాదు. ఒక కొలత గురించి, ఒక పేరా గురించి చెప్పిన మాట ‘ఆందోళన’గా మారిపోవడం. పరిశ్రమల సంఘం ప్రతినిధి గడువు ఆరు నెలలు పెంచమన్నారు. అది మినిట్స్‌లో సూచనగానే ఎక్కింది, దానికి జవాబు కూడా వచ్చింది. ఆ అమ్మాయి అడిగింది కూడా సూచనే. వయసును బట్టి ఒకరిది వాదన, ఇంకొకరిది ఆవేశం అయిపోతాయి. బల్ల దగ్గర కోప్పడి గొంతు పెంచిన పెద్దమనిషి మాత్రం మినిట్స్‌లో ‘అభిప్రాయపడ్డారు’.

పిల్లల భాగస్వామ్యం మీద రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం ఒక నిచ్చెన గీశారు. ఎనిమిది మెట్లు. అడుగున ఉన్న మూడు మెట్లు వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా పిలవడం. ఈ మూడింటినీ భాగస్వామ్యం కింద లెక్కే వేయకూడదన్నారాయన. నాలుగో మెట్టు నుంచే అసలు లెక్క మొదలు. నేను చూసిన సమావేశాల్లో చాలావరకు రెండుకూ మూడుకూ మధ్య తిరుగుతుంటాయి. ఫొటో తీసేటప్పుడు రెండు, మైకు ఇచ్చినప్పుడు మూడు.

సరిగ్గా అదే 1992లో రియో డి జనీరోలో పర్యావరణం మీద ఐక్యరాజ్యసమితి భూ శిఖరాగ్ర సదస్సు జరిగింది. సెవర్న్ కల్లిస్ సుజుకి అనే పన్నెండేళ్ల కెనడా అమ్మాయి, తన స్నేహితులతో కలిసి సొంతంగా చందాలు పోగుచేసుకుని వెళ్లి, ప్రపంచ నాయకుల ముందు మాట్లాడింది. హాలంతా నిశ్శబ్దమైపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే సదస్సు ఆమోదించిన అజెండా 21 అనే కార్యాచరణ ప్రణాళికలో 25వ అధ్యాయం పిల్లల గురించీ యువత గురించీ. నిర్ణయాల్లో వాళ్లను కలుపుకోవాలని అందులో రాసి పెట్టారు. అంతకు మూడేళ్ల ముందు, 1989లో, బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ఇంకా గట్టిగా చెప్పింది: తనకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు బిడ్డకు ఉంది, వయసునూ పరిణతినీ బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలి. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2023 ఆగస్టులో, ఆ ఒడంబడికను ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే 26వ సాధారణ వ్యాఖ్య విడుదల చేసి, పర్యావరణం, వాతావరణ మార్పు కూడా ఈ హక్కుల కిందికే వస్తాయని తేల్చింది. ఆ పత్రం తయారీకి 121 దేశాల నుంచి 16 వేల మందికి పైగా పిల్లలు అభిప్రాయాలు పంపారు. కాగితం మీద చేయాల్సినదంతా చేశారన్న మాట. నాకు కాగితాలంటే గౌరవమే, జీతం వాటి మీదే వస్తోంది. కానీ తగిన విలువ ఇచ్చారో లేదో ఎక్కడ చూసి తెలుసుకోవాలి? ఐదో కాలమ్‌లో తప్ప ఇంకెక్కడా కనపడదు.

అసలు వాళ్లను ఎందుకు ప్రత్యేకంగా అడగాలి, ఓటున్న ప్రతి ఒక్కరూ ఓటు ద్వారా చెబుతూనే ఉన్నారు కదా అని మా ఆఫీసులోనే వాదించేవాళ్లున్నారు. ఆ వాదనను కొట్టిపారేయలేం. కానీ చట్టసభల్లో కూర్చున్నది ఎవరో చూడాలి. వివిధ దేశాల పార్లమెంట్ల సంఘమైన అంతర్ పార్లమెంటరీ యూనియన్ 2023 లెక్క ప్రకారం ప్రపంచంలోని పార్లమెంటు సభ్యుల్లో ముప్పై ఏళ్ల లోపువారు 2.8 శాతం. ఆస్ట్రియా 2007లో ఓటు వయసును 16కు దించింది. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం నుంచీ పదహారేళ్లకే ఓటు వేయవచ్చు. మంచిదే. కానీ ఎన్నికల మధ్య అయిదేళ్లుంటాయి, ముసాయిదాలు నెలనెలా వస్తాయి. ఓటు వయసు తగ్గితే నా పట్టిక నిండదు.

దీనికంటే బలమైన కారణం జర్మనీ కోర్టు చెప్పింది. అక్కడి 2019 వాతావరణ చట్టం, 2030 కల్లా వాతావరణాన్ని వేడెక్కించే వాయువుల ఉద్గారాలను 1990 నాటి స్థాయి మీద 55 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టింది. 2030 తర్వాత ఏం చేస్తారో సరిగ్గా రాయలేదు. కొందరు యువతీయువకులు, మరికొందరితో కలిసి రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. 2021లో వచ్చిన తీర్పు సారాంశం నాకు అర్థమైనంతలో ఇది: ఉద్గారాలకు ఒక మొత్తం పరిమితి ఉంది. ఇప్పటివాళ్లు అందులో ఎక్కువ భాగం సుఖంగా వాడేసుకుంటే, 2030 తర్వాత బతికేవాళ్లు మిగిలిన కొంచెంతో సరిపెట్టుకోవాలి. అప్పుడు వాళ్ల ప్రయాణం, ఇల్లు, పని అన్నిటి మీదా కఠినమైన ఆంక్షలు పెట్టక తప్పదు. అంటే ఇవాళ్టి చట్టంలో వదిలేసిన ఖాళీ, రేపటివాళ్ల స్వేచ్ఛను ముందే హరించడమే. కొన్ని వారాల్లోనే ప్రభుత్వం 55ను 65 చేసింది, వదిలే ఉద్గారాలూ తిరిగి పీల్చుకునేవీ సరిసమానమయ్యే కార్బన్ తటస్థతకు గడువును 2050 నుంచి 2045కు జరిపింది. 2024 ఆగస్టులో దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం ఇలాంటి కారణంతోనే, 2031 నుంచి 2049 వరకు లక్ష్యాలు లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమంది. ఆ కేసును 2020లో మొదలుపెట్టింది కూడా అక్కడి కుర్రవాళ్లే.

ముసాయిదాలు తయారుచేసేవాళ్ల కళ్లకు ఈ ఖాళీ ఎందుకు కనపడదో నాకు తెలుసు. మా దగ్గర ప్రతి ప్రణాళికకూ చివరి సంవత్సరం ఒకటి ఉంటుంది. ఆ సంవత్సరం దాటితే అది ఇంకో ఫైలు, బహుశా ఇంకో అధికారి. పద్దెనిమిదేళ్ల మనిషికి అలా కాదు. ప్రణాళిక ముగిసే ఏడాదికి తనకు ఎన్నేళ్లొస్తాయో మొదట వేసుకునే లెక్క అదే. ‘ఆ తర్వాత?’ అన్న ప్రశ్న నా పట్టికలో ఎక్కువగా కనపడేది చిన్నవాళ్ల ఉత్తరాల్లోనే.

అలాగని కోర్టే దారి అనుకోకండి. అమెరికాలో 21 మంది పిల్లలు, యువకులు 2015లో కేంద్ర ప్రభుత్వం మీద వేసిన జూలియానా కేసు పదేళ్ల పాటు కోర్టుల మధ్య తిరిగి, సాక్ష్యాలతో పూర్తిస్థాయి విచారణ ఒక్క రోజూ జరగకుండా 2025లో ముగిసిపోయింది. వేసినప్పుడు బడిలో ఉన్నవాళ్లు ముగిసేసరికి ఉద్యోగాల్లో ఉన్నారు. అదే దేశంలో మోంటానా రాష్ట్రంలో 16 మంది యువత గెలిచారు. వాళ్లు గెలిచిన విషయం ఏమిటో చూస్తే నాకు మహా ఆనందం. కొత్త ప్రాజెక్టులకు పర్యావరణ సమీక్ష చేసేటప్పుడు గ్రీన్‌హౌస్ వాయువులను లెక్కలోకి తీసుకోకూడదని అధికారులను నిషేధిస్తూ అక్కడ ఒక చట్టం ఉండేది. పరిశుభ్రమైన, ఆరోగ్యకరమైన పర్యావరణం హక్కు అని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసి ఉంది కాబట్టి ఆ నిషేధం చెల్లదని 2023 ఆగస్టులో కోర్టు కొట్టేసింది. 2024 డిసెంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. అంటే మూసేసిన ఒక కాలమ్‌ను కోర్టు తెరిపించింది! పత్రికలు చారిత్రక విజయమని రాశాయి. నాకైతే అది ఒక గుమాస్తా విజయంలా కూడా అనిపించింది.

వనువాటు విద్యార్థుల కథ ఇంకొకటి. 2019లో అక్కడి విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్న 27 మంది పసిఫిక్ దీవుల విద్యార్థులు, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యతలేమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగిద్దామని బయల్దేరారు. న్యాయస్థానాన్ని అలా అడగడం విద్యార్థుల వల్ల కాదు. దానికి ఐరాస సర్వసభ్య సభ తీర్మానం కావాలి. తీర్మానం కావాలంటే ఒక ప్రభుత్వం చేతబట్టాలి. వాళ్లు పసిఫిక్ దేశాల ప్రభుత్వాలకు ఉత్తరాలు రాశారు. వనువాటు ప్రభుత్వం చేతబట్టింది. 2023 మార్చి 29న సర్వసభ్య సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది. 2025 జూలై 23న న్యాయస్థానం సలహా అభిప్రాయం ప్రకటించింది. వాతావరణ వ్యవస్థను కాపాడటం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యత, దాన్ని విస్మరిస్తే అంతర్జాతీయ చట్టం ప్రకారం తప్పు చేసినట్టు కావచ్చు అంది. ఆ విద్యార్థులు ‘మా మాట వినండి’ అని ఊరుకోలేదు. ఎవరు, ఎక్కడ, ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలో వాళ్లే తేల్చి చెప్పారు. ఉద్యోగరీత్యా నాకు అంతకన్నా ముచ్చటైన సంగతి ఇంకోటి లేదు.

ఇక మన బల్ల దగ్గరికి వద్దాం. రెండు విషయాలు సరిచేస్తే చాలావరకు దారిన పడుతుందని నా నమ్మకం. రెండూ నా సొంత ఆలోచనలు కావు. పర్యావరణ నిర్ణయాల్లో జనం పాత్ర గురించి 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో కుదిరిన ఒడంబడిక ఎప్పుడో రాసిపెట్టింది. ఒకటి, ప్రత్యామ్నాయాలన్నీ ఇంకా తెరిచి ఉన్నప్పుడే జనాన్ని పిలవాలి. రెండు, నిర్ణయం తీసుకున్నాక దానికి కారణాలు రాతపూర్వకంగా వెల్లడించాలి. అది ప్రధానంగా ఐరోపా, మధ్య ఆసియా దేశాలకు సంబంధించినది. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలకు 2018లో ఇలాంటిదే ఎస్కసు ఒప్పందం వచ్చింది, 2021 నుంచి అమల్లో ఉంది.

మొదటిది వినడానికి తేలిక. ఆఫీసులో అదే అన్నిటికంటే కష్టం. ముసాయిదా బయటికొచ్చేసరికే దాని వెనక శాఖల మధ్య బేరాలు, బడ్జెట్ కేటాయింపులు, ఎన్నో సంతకాలు అయిపోయి ఉంటాయి. ఆ దశలో ఎవరు ఏం చెప్పినా కామాలు మారతాయి, అంతే. సంప్రదింపులు అని మేం పిలిచేది చాలాసార్లు అచ్చుతప్పులు దిద్దే దశ. పిల్లలను పిలవాల్సింది ముసాయిదాకు ముందు, సమస్య ఏమిటో రాసుకునే తెల్లకాగితం దగ్గర. గాలి ప్రణాళికలో కొలతలు ఎక్కడ తీయాలో తేల్చే రోజు ఆ అమ్మాయి గదిలో ఉండి ఉంటే, ఆమె వాక్యం చేర్చడానికి ఎవరి సంతకమూ చెరపనక్కర్లేదు.

రెండోదానికి వస్తే, మాకు కొత్త అధికారి వచ్చారు. ఆవిడకు ఖాళీ గడులంటే పడదు. ‘గమనించడమైనది’ అన్న చోటల్లా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వెనక్కి పంపారు. ఒప్పుకుంటే ఎక్కడ చేర్చారో రాయండి, ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, ఇంకా తేలకపోతే ఎప్పటికి తేలుతుందో రాయండి అన్నారు. ఆఫీసంతా గొణిగింది. నేనూ గొణిగాను, రాయాల్సింది నేనే కనుక. అప్పుడే బడి గేటు సూచన కూడా మళ్లీ బయటికొచ్చింది. ఆ కాలేజీ వాళ్లు సమావేశంతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా కూడా పంపి ఉండడం వల్ల అది పట్టికలో బతికి ఉంది. సాంకేతిక విభాగం జవాబు ఇచ్చింది: కేంద్రాల స్థానం మారిస్తే గత సంవత్సరాలతో పోల్చడం కుదరదు కాబట్టి యంత్రాలను కదిలించలేం. గేటు దగ్గర పెట్టే చిన్న యంత్రాల లెక్కలు తేమను బట్టి తేడా చూపిస్తాయి కాబట్టి వాటిని అధికారికంగా తీసుకోలేం. గంటవారీ లెక్కలు ఎలాగూ నమోదవుతున్నాయి కాబట్టి వాటిని ప్రచురించడానికి అభ్యంతరం లేదు.

మూడింట్లో రెండు నిరాకరణలే. కానీ కారణంతో వచ్చిన నిరాకరణ ఎంత పనికొస్తుందో నేను అప్పుడు చూశాను. నెల తిరక్కుండా వాళ్ల దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. పాత కేంద్రాలను కదిలించమని మేమూ అడగడం లేదు, అవి అక్కడే ఉండనివ్వండి. చిన్న యంత్రాన్ని కొన్నాళ్లు మీ పెద్ద యంత్రం పక్కనే పెట్టి, తేడా ఎంతో లెక్కగట్టి, ఆ తర్వాత గేటు దగ్గరికి మార్చవచ్చు కదా అని. సాంకేతిక విభాగంలో ఒక కుర్రాడు ఆ ఉత్తరాన్ని జెరాక్స్ తీసి తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. ‘ఆందోళన వ్యక్తం చేశారు’ అన్న వాక్యానికి ఇలాంటి తిరుగు జాబు రాయగలరా ఎవరైనా?

ఎవరిని పిలుస్తారన్నది ఇంకో తలనొప్పి. ప్రతినిధుల జాబితా నా చేతుల మీదుగానే పోతుంది. పేర్లు వేరైనా మనుషులు ఒకే మూస. బాగా మాట్లాడే, మంచి కాలేజీలో చదివే, ఇంతకుముందు ఏదో సదస్సుకు వెళ్లొచ్చిన పిల్లలు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ చెత్త ఏరి బతికే పందొమ్మిదేళ్ల కుర్రాడికి వ్యర్థాల విధానం గురించి తెలిసినంత వాళ్లకు తెలియదు. అతనికి సమావేశానికి రావడమంటే ఒక రోజు కూలి పోవడం. దారి ఖర్చులు, పోయిన కూలి ఇవ్వడానికి బడ్జెట్‌లో పద్దు ఉండదు. బల్ల చుట్టూ ఉన్న పెద్దలందరికీ మాత్రం ప్రయాణ భత్యం ఉంటుంది. యువతది మాత్రం సేవ. ముసాయిదా మీద అభిప్రాయాలకు ఇచ్చే గడువు పరీక్షల నెలలో పడిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

యువత అంటే ఒకే గొంతు కూడా కాదు. బొగ్గు గనిలో పనిచేసే తండ్రి ఉన్న పిల్లవాడు, సముద్రం ముంచుకొస్తున్న తీరంలో ఉన్న పిల్లవాడు ఒకే ఉత్తరం రాయరు. గని మూసేస్తే మా నాన్న వయసులో ఆయనకు ఏం పని నేర్పిస్తారు అని ఒకడు రాశాడు. పర్యావరణ సంఘాల వాళ్లకు ఆ ఉత్తరం రుచించలేదు. నాకు మాత్రం ఆ దొంతరలో అదే అన్నిటికంటే నిజాయితీగా ఉందనిపించింది. కుర్రవాళ్లు చెప్పిందల్లా చేసేయాలని నేననను. కొన్ని సూచనలు చూస్తే నవ్వొస్తుంది, కొన్ని లెక్కలు తప్పుగా ఉంటాయి. పెద్దవాళ్లవీ అంతే. అవి తప్పని చెప్పడానికి వాళ్లకు కారణాలు రాస్తాం, వీళ్లకూ రాయాలి.

శాశ్వతంగా ఒక మనిషిని పెట్టుకున్న దేశాలూ ఉన్నాయి. వేల్స్‌లో 2015 చట్టం భావి తరాల కోసం ఒక కమిషనర్‌ను ఏర్పాటు చేసింది. ప్రభుత్వ సంస్థలు తమ నిర్ణయాలు రాబోయే తరాల మీద ఏ ప్రభావం చూపిస్తాయో ఆలోచించాలి. కమిషనర్ సలహా పాటించకపోతే ఎందుకు పాటించలేదో చెప్పాలి. అదిగో, అక్కడ ఐదో కాలమ్‌కు చట్టం కాపలా ఉంది! ఎం4 రహదారి మీద రద్దీ తగ్గించడానికి ఇంకో మార్గం వేసే పథకాన్ని ఆ కమిషనర్ వ్యతిరేకించారు. ఖర్చు, పర్యావరణ నష్టం కారణాలుగా చూపి 2019లో అక్కడి ప్రభుత్వం దాన్ని విరమించుకుంది. అయితే ఇలాంటి పదవులకు ఆయుష్షు తక్కువ. ఇజ్రాయెల్ పార్లమెంటు 2001లో భావి తరాల కమిషన్ పెట్టి ఒక్క కమిషనర్ పదవీకాలంతోనే ముగించేసింది. హంగరీ 2008లో పెట్టిన స్వతంత్ర పదవిని 2012లో ఇంకో కార్యాలయంలో కలిపేసింది. అడ్డుచెప్పే వాళ్లను జీతమిచ్చి పోషించడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే.

ఇది చదివేవాళ్లలో ముసాయిదాల మీద ఉత్తరాలు రాసే కుర్రవాళ్లు ఉంటే, గోడ పక్క కుర్చీ నుంచి నాలుగు మాటలు. వేలమంది ఒకే నమూనా ఉత్తరం పంపితే అదంతా పట్టికలో ఒకే వరుస అవుతుంది. కింద ఎంతమంది పంపారో సంఖ్య వేస్తాం, జవాబు ఒకటే. పదిమంది పది వేర్వేరు పేరాల మీద రాస్తే పది జవాబులు రాయాలి. సమావేశంలో చెప్పిందాన్ని ఆ సాయంత్రమే రాసి పంపండి, రసీదు సంఖ్య అడగండి. ‘ఈ పేరా మార్చండి’ అనేకంటే, మీరు కోరే వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసివ్వండి. వాక్యం చేతికందితే దాన్ని చేర్చకపోవడానికి కారణం వెతుక్కోవాల్సింది మేము. మీ అనుభవం రాసేటప్పుడు తేదీ, వేళ, స్థలం వేయండి. జవాబు వచ్చాక అది నచ్చకపోతే మళ్లీ రాయండి. రెండోసారి రాసేవాళ్లు చాలా తక్కువ, అందుకే ఆ ఉత్తరాలు ఆఫీసులో అందరికీ గుర్తుంటాయి.

ఇంకొక్కటి. ఉత్తరాన్ని ఫోనుతో ఫొటో తీసి, వంకరగా, నీడ పడేలా పంపకండి. పేరా సంఖ్య కనపడక నేను భూతద్దం పెట్టుకుని చూడాల్సి వస్తోంది.